గోడౌను ఖాళీ అయింది, మన చేతులు శుభ్రమేనా?



మా చర్చి వెనకాల ఒక పాత గోడౌను ఉండేది. కరువు రోజుల్లో పంచిన గోధుమలు, పాలపొడి అక్కడే నిల్వ ఉండేవని మా పెద్దలు చెబుతారు. తర్వాత అది మిషను దవాఖానా సామాను గది అయింది. ఆ తర్వాత కొన్నేళ్లు ఎరువులు, పురుగుమందుల వ్యాపారికి బాడుగకు ఇచ్చాం. ఆయన ఖాళీ చేసి వెళ్తూ తనకు పనికిరానిదంతా లోపలే వదిలేశాడు. మనమూ తక్కువ తినలేదు. పాడైన ట్యూబులైట్లు, కాలం చెల్లిన ఇన్వర్టర్ బ్యాటరీలు, పాత కంప్యూటర్లు, రంగు డబ్బాలు, విరిగిన బెంచీలు, పాటల పుస్తకాల కట్టలు అన్నీ అందులోకే తోసి తాళం వేశాం. చర్చిలో పనికిరాని ప్రతిదానికీ అదే అడ్రసు.

కిందటి వేసవిలో ఆ గోడౌను కూల్చి కమ్యూనిటీ హాలు కట్టాలని కమిటీ తీర్మానించింది. ఒక కాంట్రాక్టరుకు పని అప్పజెప్పాం. ఆయన నలుగురిని పంపాడు. ఇద్దరు అక్కలు, ఒక అన్న, పద్దెనిమిదేళ్లు నిండీ నిండని ఒక తమ్ముడు. చూస్తే నలుగురూ మన పేటవాళ్లే. అందులో ముగ్గురు మన చర్చిలో ఆదివారం వెనక బెంచీల్లో కూర్చునేవాళ్లే. అక్కలిద్దరూ తెల్లవారుజామున వార్డులో రోడ్లు ఊడ్చే పని ముగించుకుని అటునుంచి అటే వచ్చారు.

రెండు రోజులు పని జరిగింది. పైకప్పు సిమెంటు రేకుల్ని గడ్డపారతో కొట్టి ముక్కలు చేసి దించారు. తెల్లటి దుమ్ము లేచింది. ఇద్దరు అక్కలూ చీర చెంగు ముక్కుకు కట్టుకున్నారు. పేరు చెరిగిపోయిన డబ్బాల్లో గడ్డకట్టిన పొడిని చేతులతో ఎత్తి గోనెల్లో పోశారు. బ్యాటరీ పగిలి ఆసిడ్ చిమ్మి ఆ తమ్ముడి చెయ్యి కాలింది. కుళాయి కింద కడుక్కుని మళ్లీ పనిలోకి దిగాడు. మేము అటుగా వెళ్లి, "అక్కా, చేతులకు గ్లౌజులైనా ఇవ్వలేదా?" అని అడిగాం. ఆ అక్క నవ్వి, "దేవుని పని కదా అయ్యగారూ, ఏం అడుగుతాం?" అంది.

ఆ మాట విని మేము ఏం చేశాం? గ్లౌజులు కొనడానికి బజారుకు వెళ్లామా? పని ఆపమన్నామా? లేదు. మంచినీళ్లు ఇప్పించి వచ్చేశాం. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ నవ్వు, మా మంచినీళ్లు.

ఇనుము, అల్యూమినియం, కాగితం గుజిరీ అంగడికి పోయాయి. రేకుల ముక్కలు, పొడి గోనెలు, పగిలిన ట్యూబులైట్లు ట్రాక్టరులో చెరువు గట్టుకు పోయాయి. ఆ గట్టు పక్కనే వాళ్ల ఇళ్లు. ఆ రాత్రి ఎవరో నిప్పు పెట్టారు. పేటలో పిల్లలు దగ్గుతూనే ఉన్నారు. తరువాతి నెల కమిటీ పుస్తకంలో ఒక వరుస చేరింది: పాత సామాను అమ్మకం వలన ఆదాయం 22,000 రూపాయలు. ఆ నలుగురి పేర్లు ఆ పుస్తకంలో ఎక్కడా లేవు. వాళ్లకు రావలసిన రెండో రోజు కూలి కాంట్రాక్టరు దగ్గర ఆగిపోయిందని కూడా ఆ పుస్తకానికి తెలియదు. ఆ కమిటీలో మేమూ ఉన్నాం. అందుకే ఈ మాటలు ఎవరిమీదో రాళ్లు వేయడానికి కాదు. ముందు మా తల మీదే పడాలి.

అది చెత్త కాదు, విషం

మనం చెత్త అనే ఒక్క మాటలో అన్నీ కలిపేస్తాం. పాత గోడౌనులో ఉండేది అరటి తొక్కలూ విస్తరాకులూ కాదు. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. రేకు పైకప్పుగా ఉన్నంతసేపు దాని నార సిమెంటులో బిగిసి ఉంటుంది. పగలగొట్టినప్పుడు కంటికి కనిపించనంత సన్నని నార గాలిలోకి లేచి ఊపిరితిత్తుల్లో గుచ్చుకుంటుంది. మళ్లీ బయటికి రాదు. జబ్బు ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అప్పటికి ఏ గోడౌను, ఏ కమిటీ, ఏ కాంట్రాక్టరు అని అడిగేవాళ్లుండరు. ట్యూబులైటులో పాదరసం ఉంటుంది. బ్యాటరీలో సీసం, గంధకామ్లం. పాత టీవీ గాజులో సీసం. ప్లాస్టిక్కు వైర్లు తగలబెడితే డయాక్సిన్లు. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011 మే నెలలో ఆపింది. కోర్టు ఆపినంత మాత్రాన మూలన పడి ఉన్న పాత డబ్బా తనంతట తాను ఖాళీ అవదు.

ఇవన్నీ చట్టానికి తెలుసు. ప్రమాదకర వ్యర్థాలకు 2016 నియమాలున్నాయి. బ్యాటరీలకు, ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు 2022లో వేర్వేరు నియమాలు వచ్చాయి. ఆస్బెస్టాస్ పనివారి ఆరోగ్య హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1995 జనవరిలోనే తీర్పు చెప్పింది. ముప్పై ఏళ్లు గడిచాయి. ఆ తీర్పు మన చర్చి కాంపౌండు గేటు దాటి లోపలికి ఇంకా రాలేదు.

పెద్ద గోడౌన్ల కథలు వినండి

మాది చిన్న గోడౌను. పెద్దవాటి సంగతి చూడండి. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి విషవాయువు లీకై వేలమందిని చంపింది. కంపెనీ పోయింది, చెత్త మిగిలింది. ఆ ఆవరణలో పోగుచేసిన 337 టన్నుల విష వ్యర్థాలు ఏళ్ల తరబడి ఒక గోడౌనులో పడి ఉన్నాయి. 2024 డిసెంబరులో మధ్యప్రదేశ్ హైకోర్టు నాలుగు వారాల గడువు పెట్టి గట్టిగా చెప్పాక గాని కదలిక రాలేదు. 2025 జనవరి 1 రాత్రి పన్నెండు కంటైనర్లలో వాటిని పీథంపూర్‌కు తరలించారు. ఆ మూటలు కట్టిన పనివాళ్లకు నిలువెల్లా కప్పే రక్షణ దుస్తులిచ్చారు. అరగంట చొప్పున వంతులు వేశారు. పనివాడి ఒంటికి అంతకన్నా ఎక్కువసేపు ఆ విషం తగలకూడదని అప్పుడు అందరికీ తెలిసింది. ఎందుకంటే కోర్టు చూస్తోంది, కెమెరాలు చూస్తున్నాయి. మన గోడౌనులో రెండు రోజులు పొద్దంతా చీర చెంగే రక్షణ. అక్కడ కెమెరా లేదు. దేవుడు చూస్తున్నాడని మాత్రం ప్రతి ఆదివారం మనమే ప్రకటిస్తాం.

ఇంకొక సంగతి కూడా గమనించాలి. పీథంపూర్ ప్రజలు మా ఊరికెందుకు తెస్తున్నారని రోడ్డెక్కారు. చివరికి ఆ 337 టన్నులను అక్కడే 2025 జూన్ చివరికల్లా కాల్చేశారు. కాల్చాక బూడిద మిగిలింది. భోపాల్‌లో నేలా, భూగర్భ జలాలూ విషంగానే మిగిలాయి. ఒక చోట శుభ్రమైందంటే మరొక చోటికి పోయిందనే అర్థం. ఆ మరొక చోటు ఎప్పుడూ ఎవరి ఇంటి పక్కన ఉంటుందో మనకు తెలుసు.

చదువుకున్నవాళ్ల గోడౌను సంగతి కూడా వినండి. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగంలో ఏళ్లుగా వాడని ఒక యంత్రాన్ని 2010లో పాత సామానుగా వేలం వేశారు. అందులో కోబాల్ట్ 60 అనే రేడియోధార్మిక పదార్థం ఉంది. మాయాపురి తుక్కు బజారులో పనివాళ్లు దాన్ని విప్పారు. ఒకరు చనిపోయారు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. యంత్రం గుణం తెలిసిన ప్రొఫెసర్ల చేతులు కాలలేదు. తెలియనివాళ్ల చేతులే కాలాయి. తెలిసినవాళ్లు చెప్పకపోవడం వల్లే తెలియనివాళ్లు చచ్చారు. ఇది సాంకేతిక లోపమా, పాపమా?

తెలుగు నేలకు చేరిన సరుకు కథ కూడా ఒకటుంది. చెన్నై మనలి దగ్గర కంటైనర్ల యార్డులో దాదాపు 700 టన్నుల అమ్మోనియం నైట్రేట్ 2015 నుంచి పడి ఉంది. చుట్టూ జనం. ఐదేళ్లు ఎవరికీ పట్టలేదు. 2020 ఆగస్టు 4న బేరూత్ రేవు గోడౌనులో అదే సరుకు 2,750 టన్నులు పేలి రెండువందల మందికి పైగా చనిపోయాక గాని ఇక్కడి అధికారులకు నిద్ర పట్టకుండా పోలేదు. రోజుల్లోనే దాన్ని లారీలెక్కించి హైదరాబాదు వైపు పంపేశారు. రోజుల్లో అయ్యే పనికి ఐదేళ్లు ఎందుకు పట్టింది? ఆ యార్డు పక్కన ఉన్నవాళ్ల ప్రాణాలు లెక్కలోకి రావడానికి వేరే దేశంలో రెండువందల మంది చావాల్సి వచ్చింది.

మోసేది ఎవరు?

ఇక్కడ మనం ఇబ్బందిపడే నిజం ఒకటి చెప్పాలి. బెంగళూరులో పౌరకార్మికుల్లో, చెన్నైలో పారిశుధ్య కార్మికుల్లో తెలుగు మాట్లాడే దళితులు తరతరాలుగా ఉన్నారు. కర్ణాటకలో, తమిళనాడులో మాదిగలు, ఆది ఆంధ్రులు; ఒడిశాలో రెల్లి కులస్థులు. పాత మద్రాసు కాలం నుంచీ ఊళ్లను శుభ్రం చేయడానికి మనవాళ్లను తెచ్చి, ఊరి చివర గుడిసెలిచ్చి, పేరు మాత్రం తక్కువ పేరు పెట్టి పిలిచారు. ఆ గుడిసెల్లోనే మన సంఘాలు పుట్టాయి. ఈ రాష్ట్రాల్లో మన తెలుగు చర్చిల చరిత్ర రాస్తే అందులో చీపురు, తట్ట, బండి ఉండక తప్పదు. కొందరం చదువుకుని, ఉద్యోగాలొచ్చి, ముందు బెంచీల్లోకి వచ్చాం. వెనక బెంచీల్లో మిగిలినవాళ్లు ఎవరో కాదు, మన నాయనమ్మలు ఎక్కడ ఆగిపోయారో అక్కడ ఉన్నవాళ్లు.

మన మధ్యనుంచే ఎదిరించినవాళ్లు కూడా వచ్చారు. కోలారు బంగారు గనుల పట్టణంలో తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ తన ఇంటివాళ్లు చేసిన పాకీపని చూసి దాన్ని నిర్మూలించడానికి జీవితమే పెట్టాడు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. పాకీపని నిషేధ చట్టం 2013లో మరింత గట్టిగా వచ్చింది. మురుగు కాల్వలో దిగి చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఆగస్టులో చెన్నై రిపన్ భవనం ముందు పారిశుధ్య కార్మికులు, అందులో ఎక్కువమంది స్త్రీలు, ప్రైవేటీకరణ వద్దని పదమూడు రోజులు కూర్చున్నారు. అర్ధరాత్రి పోలీసులు ఎత్తుకెళ్లారు. ఆ పదమూడు రోజుల్లో ఎన్ని చర్చిల నుంచి అన్నం పొట్లాలు వెళ్లాయో మనల్ని మనం అడుగుదాం.

మనం చెప్పుకునే సాకులు

"కాంట్రాక్టరు చూసుకోవాలి, మనకేం సంబంధం?" పిలాతు కూడా నీళ్లు తెప్పించుకుని చేతులు కడుక్కున్నాడు. గోడౌను మనది, అందులో విషం మనది, కాంట్రాక్టరును తక్కువ రేటుకు ఒప్పుకోమని బేరమాడిందీ మనమే. ఆ బేరంలో తగ్గిన ప్రతి రూపాయీ గ్లౌజుల దగ్గరో, మాస్కుల దగ్గరో, కూలి దగ్గరో తగ్గింది.

"సంఘానికి అంత డబ్బు ఎక్కడిది?" వార్షికోత్సవానికి షామియానా, సౌండు సిస్టం, శాలువాలకు వచ్చినట్టే వస్తుంది. అదంతా వద్దనుకున్నా, ఆ 22,000 రూపాయలు చేతిలోనే ఉన్నాయి కదా. పాత సామాను అమ్మిన డబ్బు సామాను మోసినవాళ్ల ఊపిరితిత్తులకు కాక మరి దేనికి?

"వాళ్లకు అలవాటే." ఈ మాట అన్నది పరాయివాళ్లు కాదు, మన పెద్దల్లో ఒకరే. ఆస్బెస్టాస్‌కు ఎవరి ఊపిరితిత్తులూ అలవాటుపడవు. అలవాటు పడింది మన కళ్లు.

"సంఘం పని సువార్త, ఇవన్నీ కావు." అయితే లేఖనమే తెరుద్దాం.

యాజకుడే బూడిద మోశాడు

లేవీయకాండము 6వ అధ్యాయం 10, 11 వచనాలు మళ్లీ చదవండి. బలిపీఠం మీద మిగిలిన బూడిదను ఎత్తేది ఎవరు? కూలివాడు కాదు, యాజకుడు. ఎత్తేటప్పుడు ఏ బట్టలు వేసుకోవాలో చెప్పారు. బయటికి మోసేముందు వాటిని విప్పి వేరే బట్టలు వేసుకోమన్నారు. పాళెం వెలుపల ఎక్కడ పోయాలి? ఎవరి గుడారం పక్కన దొరికితే అక్కడ కాదు, పవిత్రమైన చోట. పనికి తగిన బట్టలు, మార్చుకునే బట్టలు, చెత్త వేసే చోటు కూడా శుద్ధంగా ఉండాలనే నియమం. ఆరాధనలో మిగిలిన దాన్ని ఎత్తడం కూడా ఆరాధనలో భాగమే. మనం మాత్రం బలిపీఠం ముందు పని మనకుంచుకుని బూడిద పనిని కాంట్రాక్టుకిచ్చాం.

ఇక నెహెమ్యా 13వ అధ్యాయం. దేవుని మందిరపు పెద్ద సామాను గదిని యాజకుడైన ఎల్యాషీబు తన బంధువైన టోబీయాకు ఇచ్చేశాడు. నెహెమ్యా తిరిగొచ్చి చూసి, టోబీయా సామానంతా బయట పారేయించి గదులను శుద్ధి చేయించాడు. అక్కడితో ఆగితే అది మన కమిటీ నివేదికలాగే ఉండేది. ఆ వెంటనే 10వ వచనంలో నెహెమ్యా ఇంకొకటి కనిపెట్టాడు. పనిచేసే లేవీయులకు రావలసిన భాగాలు ఇవ్వలేదు, అందుకే వాళ్లు తమ పొలాలకు వెళ్లిపోయారు. అధికారులతో అక్కడే పోట్లాడాడు. తర్వాత నమ్మకమైన మనుషులను గిడ్డంగుల మీద నియమించాడు. గోడౌను శుభ్రం చేయడం, పనివాడి బాకీ తీర్చడం ఆయనకు ఒకటే పని. మనం మొదటిది చేసి రెండోదాన్ని కాంట్రాక్టరుకు వదిలేశాం. యాకోబు 5వ అధ్యాయం 4వ వచనం ప్రకారం బిగపట్టిన కూలి మొరపెడుతుంది. ఆ మొర చేరవలసిన చోటికి చేరుతుంది.

దేవుని పని అన్న ఆ అక్క మాటను మనం ఎలా వాడుకున్నామో చూడండి. దేవుని పని అంటే కూలి అడగకూడదని, గ్లౌజులు అడగకూడదని ఆమెకు నేర్పింది ఎవరు? ప్రసంగ వేదికలే. మా వేదిక కూడా. దేవుని పని అయితే అందరికన్నా ఎక్కువ జాగ్రత్తతో, అందరికన్నా ముందు కూలి ఇచ్చి చేయించాలి. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం ప్రకారం పొద్దు గుంకకముందే కూలి చేతిలో పడాలి.

ఇప్పుడు ఏం చేయాలి?

ఏ చర్చి అయినా, మన సంఘస్థుల స్కూలైనా, హాస్టలైనా పాత గది ఖాళీ చేసేముందు ఇవి చేయాలి.

మొదట, తాళం తీసి లోపల ఏముందో జాబితా రాయండి. పేరు తెలియని డబ్బాను ఎవరూ ముట్టుకోకూడదు. మీ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఉత్తరం రాయండి. ఫోన్ చాలదు, నకలు మీ దగ్గర ఉండాలి.

రెండు, ఆస్బెస్టాస్ రేకులను పగలగొట్టవద్దు. నీళ్లు చల్లి తడిపి, బోల్టులు విప్పి, రేకును రేకుగానే దించి, మందమైన ప్లాస్టిక్కులో చుట్టండి. కూల్చిన చోట పొడి చీపురుతో ఊడ్వవద్దు.

మూడు, బ్యాటరీలు, ట్యూబులైట్లు, కంప్యూటర్లు వేరుచేసి అనుమతి ఉన్నవాళ్లకే ఇచ్చి రసీదు తీసుకోండి. ప్రమాదకర వ్యర్థాలకు ప్రత్యేక కేంద్రాలున్నాయి. కర్ణాటకలో దాబస్‌పేట, తమిళనాడులో గుమ్మిడిపూండి, మహారాష్ట్రలో తలోజా, ఒడిశాలో జాజ్‌పూర్ జిల్లా. యానాం సహోదరులు పుదుచ్చేరి కాలుష్య నియంత్రణ విభాగాన్ని అడగాలి. దేన్నీ తగలబెట్టవద్దు.

నాలుగు, పనివాళ్లకు దుమ్మును ఆపే సరైన మాస్కు, గ్లౌజులు, బూట్లు, పని అయ్యాక స్నానానికి నీళ్లు, సబ్బు, మార్చుకునే బట్టలు సంఘమే ఇవ్వాలి. ఆ దుమ్ము బట్టలు ఇంటికి తీసుకెళ్లి పిల్లలను ఎత్తుకుంటే జబ్బు పిల్లలదాకా పోతుంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు ఆ గుమ్మం తొక్కకూడదు.

ఐదు, కూలి ఏ రోజుది ఆ రోజే, కమిటీ సభ్యుడి కళ్ల ముందు, వాళ్ల చేతికే. పేర్లు పుస్తకంలో రాయాలి. ముప్పై ఏళ్ల తర్వాత జబ్బు వస్తే ఆ పుస్తకమే వాళ్లకు సాక్ష్యం.

యువతీ యువకులారా, మీలో చాలామంది ఇంజినీరింగు, నర్సింగు, లా చదువుతున్నారు. మీ చదువుకు ఇక్కడ పని ఉంది. యూత్ క్యాంపులో ఒక రోజు పాటలు తగ్గించి మీ చర్చి వెనకాల గది తలుపు తీయండి. అక్కడ ఏముందో, దాన్ని రేపు ఎవరి చేత మోయించబోతున్నారో పెద్దలను అడగండి. అడిగితే తిరుగుబాటు అంటారు. నెహెమ్యాను కూడా అలాగే అన్నారు.

మేము ఏం చేశామో చెప్పి ముగిస్తాం. ఆలస్యంగానే చేశాం. కాంట్రాక్టరు దగ్గర కూర్చుని ఆగిన కూలి ఇప్పించాం. పేటకు వెళ్లి ఆ నలుగురినీ క్షమించమని అడిగాం. అన్నగారు ఏమీ అనలేదు, తల ఊపి లోపలికి వెళ్లిపోయారు. ఆయనకు ఆ హక్కుంది. చెరువు గట్టు మీద ఇంకా కాలని రేకుల ముక్కలు ఉన్నాయి. మండలికి ఉత్తరం రాశాం. జవాబు కోసం తిరుగుతున్నాం. కమిటీ పుస్తకంలో ఆ 22,000 పక్కన నాలుగు పేర్లు రాయించాం. ఆ డబ్బు వాళ్ల వైద్యానికే అని తీర్మానం పెడితే ఇద్దరు పెద్దలు ఒప్పుకోలేదు. వచ్చే నెల మళ్లీ పెడతాం.

ఆ అక్క ఇప్పటికీ తెల్లవారుజామున లేచి రోడ్డు ఊడుస్తోంది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఈమధ్య చెప్పింది. హాలు పునాది రాయి మీద ఎవరి పేర్లు చెక్కించాలని కమిటీలో చర్చ నడుస్తోంది. మా మాట ఒక్కటే: ముందు ఆ అక్క ఛాతీ ఎక్స్‌రే తీయిద్దాం. రాయి సంగతి తర్వాత చూద్దాం.